మునిగిన నౌకల లెక్క
(1971 యుద్ధమూ, విశాఖ తీరమూ)

భూమి మీద జరిగిన యుద్ధానికి ఆనవాళ్ళు మిగులుతాయి. కూలిన గోడ, కాలిన పొలం, గుంటపడిన బాట కొన్నేళ్ళ పాటయినా సాక్ష్యం చెబుతాయి. సముద్రం సంగతి అట్లా కాదు. అర్ధరాత్రి ఒక నౌక మునిగిపోతే తెల్లవారేసరికి ఆ చోట కాస్త చమురు తెట్టు, రెండు మూడు చెక్కముక్కలు తప్ప మరేమీ కనిపించవు. అందుచేతనే నౌకానష్టాల చరిత్రలో ప్రకటనలు ఎక్కువ, సాక్ష్యాలు తక్కువ. ఒక పక్షం 'మేము ముంచాము' అంటుంది, రెండవ పక్షం 'అది ప్రమాదం' అంటుంది. చూసి చెప్పవలసినవారు నీటి అడుగున ఉంటారు.

పత్తికొండ నుండి ఏ దిక్కుగా నడిచినా సముద్రం వందల కిలోమీటర్ల దూరం. వానచినుకు కోసం ఆకాశం చూసే మన సీమవారికి నౌకాయుద్ధాలతో పనేమిటని విద్యార్థులు అడగవచ్చు. ఆ పని ఎట్లా వచ్చిందో ముందుముందు చెబుతాము. ప్రస్తుతానికి ఒక కారణం చాలు. 2017లో విడుదలై ఉత్తమ తెలుగు చిత్రంగా జాతీయ పురస్కారం పొందిన 'ఘాజీ'ని మన విద్యార్థులలో చాలామంది చూశారు. పాకిస్థాన్ జలాంతర్గామిని భారత జలాంతర్గామి ఒకటి సముద్రగర్భంలో వెంటాడి ముంచినట్లు ఆ చిత్రకథ. చిత్రంగా అది ఆసక్తికరమే. కానీ విశాఖ తీరంలో ఆ రాత్రి భారత జలాంతర్గామి ఏదీ ఘాజీతో పోరాడలేదు. అక్కడ ఉన్నది పాతబడిన ఒక డిస్ట్రాయర్ నౌక మాత్రమే. పరీక్ష పత్రాలలో సైతం సినిమా కథ చరిత్రగా చెలామణి అయ్యే రోజులివి గనుక, ఉన్న సంగతిని ఉన్నట్లు వివరించడం మా ఉద్దేశం.

ఘాజీ మొదట అమెరికా వారి జలాంతర్గామి. అప్పటి పేరు 'డయాబ్లో'. 1944లో జలప్రవేశం చేసి 1945లో అమెరికా నౌకాదళంలో చేరింది. పొడవు సుమారు 95 మీటర్లు. 1964లో పాకిస్థాన్ దానిని అద్దెకు తీసుకొని 'ఘాజీ' అని పేరు పెట్టింది. ఉపఖండంలో ఒక దేశపు నౌకాదళానికి చేరిన మొదటి జలాంతర్గామి ఇదే. మరమ్మతుల కోసం దానిని టర్కీకి పంపవలసి వచ్చినప్పుడు సూయజ్ కాలువ మూతపడి ఉన్నందున అది ఆఫ్రికా ఖండమంతా చుట్టి పోయింది. అంత దూరం పోగల శక్తి పాకిస్థాన్ వద్దనున్న జలాంతర్గాములలో దీనికొక్కదానికే ఉండేది. మిగిలినవి కరాచీ నుండి బంగాళాఖాతం దాకా వచ్చి పనిచేయగలవి కావు. 1971 నవంబరు 14న ఘాజీ కరాచీ విడిచి శ్రీలంకను చుట్టి తూర్పుతీరానికి బయలుదేరింది. దాని గురి భారత విమానవాహక నౌక విక్రాంత్.

విక్రాంత్ అప్పుడు అంత దృఢంగా లేదు. ఒక బాయిలరులో పగుళ్ళున్నందున పూర్తి వేగంతో నడవలేదు. అయినా దాని విమానాలు లేకపోతే తూర్పు బెంగాలు రేవులను దిగ్బంధించడం కష్టం. అందుచేత దానిని రహస్యంగా అండమాన్ దీవుల వైపు తరలించి, విశాఖలోనే ఉన్నట్లు భ్రమ కల్పించారు. తూర్పు నౌకాదళాధిపతి వైస్ అడ్మిరల్ ఎన్. కృష్ణన్ తరువాత రాసిన గ్రంథంలో ఈ వృత్తాంతం వివరించారు. రాజ్‌పుత్ అనే పాత డిస్ట్రాయరు విక్రాంత్ వేషం కట్టి వైర్‌లెస్ సందేశాలు గుప్పించింది. పెద్ద నౌకకు సరిపడేంత మాంసం, కూరగాయలు కావాలని విశాఖలోని కాంట్రాక్టర్లకు కబురు పంపారు. బజారులో మాట ఒకసారి పుడితే అది శత్రువు చెవికి చేరకుండా ఉండదని వారి అంచనా. యుద్ధాలలో కూరగాయల వర్తకులకు కూడా పాత్ర ఉంటుందని మాకు దీనివల్లనే తెలిసింది.

డిసెంబరు 3 సాయంకాలం పశ్చిమాన పాకిస్థాన్ విమానాలు దాడి చేయడంతో యుద్ధం బహిరంగమైంది. ఆ అర్ధరాత్రి ప్రాంతాన రాజ్‌పుత్ విశాఖ రేవు వెలుపలికి వస్తుండగా నీటిలో ఏదో కదలిక కనిపించి డెప్త్ ఛార్జిలు విడిచింది. అవి నిర్ణయించిన లోతులో పేలే మందు పీపాలు. ఆ రాత్రే తీరంలో పెద్ద పేలుడు వినబడింది. తెల్లవారిన తరువాత చేపలు పట్టేవారు నీటిపై తేలుతున్న వస్తువులు తెచ్చి నౌకాదళానికి అప్పగించారు. గజ ఈతగాళ్ళు దిగి చూడగా అడుగున ఉన్నది ఘాజీ అని తేలింది. లోపల ఉన్న 90 మందికి పైగా నావికులలో ఒక్కరూ బతకలేదు. వారి నాయకుడు కమాండర్ జఫర్ ముహమ్మద్ ఖాన్.

ఇక్కడి నుండి లెక్క చిక్కుపడుతుంది. రాజ్‌పుత్ డెప్త్ ఛార్జిల వల్లనే ఘాజీ మునిగిందని భారత ప్రభుత్వ ప్రకటన. రేవు ముఖద్వారంలో తాను పరుస్తున్న మైన్లలోనే ఒకటి పేలి మునిగిందని పాకిస్థాన్ వాదం. మూడవ ఊహ మరొకటి ఉంది. జలాంతర్గామి నీటి కింద బ్యాటరీలతో నడుస్తుంది. వాటిని తిరిగి చార్జి చేసేటప్పుడు హైడ్రోజన్ వాయువు పుడుతుంది. గాలిలో అది నూటికి నాలుగు పాళ్ళు మించితే ఒక్క నిప్పురవ్వ చాలు. లోపలే అటువంటి పేలుడు జరిగి ఉండవచ్చునని మన నౌకాదళంలో పనిచేసి విరమించిన పెద్దలలోనే కొందరు అభిప్రాయపడ్డారు.

శిథిలాన్ని చూస్తే తేలిపోదా అని మీరడగవచ్చు. వెలుపల పేలుడు జరిగితే ఉక్కురేకులు లోనికి వంగుతాయి, లోపల జరిగితే బయటికి చీలుతాయి. సూత్రం సులభమే. కానీ ఘాజీ ముందుభాగమే తీవ్రంగా ధ్వంసమైంది. టార్పెడోలు, మైన్లు దాచుకునేది ఆ భాగంలోనే. వెలుపలి దెబ్బకు లోపలి మందుగుండు అంటుకొని ఉంటే రెండు గుర్తులూ ఒకేచోట కలిసిపోతాయి. కారణం ఎవరిదైనా, ఘాజీని విశాఖ నోటి ముందుకు రప్పించినది కృష్ణన్ గారి వ్యూహమేనన్న విషయంలో మాత్రం మాకు సందేహం లేదు. ఆ గౌరవానికి పేలుడు కారణంతో నిమిత్తం లేదు. అందుచేత రెండవ వాదాన్ని ప్రస్తావించినంత మాత్రాన దేశభక్తికి లోటు వచ్చినట్లు కొందరు కినుక వహించడం మాకు సబబుగా తోచదు.

విశాఖ తీరంలో ప్రాణం విడిచిన శత్రు జలాంతర్గామి ఇదొక్కటే కాదని చాలామంది ఎరుగరు. 1944 ఫిబ్రవరి 11న జపాను వారి 'ఆర్.ఓ.-110' అనే జలాంతర్గామి విశాఖ సమీపంలో ఒక వర్తక నౌకల శ్రేణిపై దాడి చేసింది. కాపలాగా వస్తున్న రాయల్ ఇండియన్ నేవీ నౌక జమున, రెండు ఆస్ట్రేలియా నౌకలతో కలిసి దానిని ముంచివేసింది.

పేర్ల సంగతి ఒకటి ఇక్కడ చెప్పాలి. ఉర్దూ చదువుకొనే మన విద్యార్థులకు గాజీ, షహీద్ అనే మాటల భేదం తెలిసినదే. యుద్ధంలో ప్రాణమర్పించినవాడు షహీద్, పోరాడి సజీవంగా తిరిగి వచ్చినవాడు గాజీ. ఆ పేరు పెట్టుకున్న నౌకే తిరిగి రాలేదు. అటువైపు నౌకలు బాబర్, ఖైబర్, షాజహాన్, జుల్ఫిఖార్. ఇటువైపు నౌకలు రాజ్‌పుత్, తల్వార్, త్రిశూల్, కృపాణ్. మన సీమను కొంతకాలం ఏలిన టిప్పు సుల్తాన్ పేరు సైతం అప్పటి పాకిస్థాన్ నౌకకు ఒకదానికి ఉండేది. ఈ పేర్లు చూసి అది మతాల నడుమ జరిగిన పోరాటమని భావించేవారు నేటికీ ఉన్నారు. అది నిజం కాదు. ఆ యుద్ధానికి మూలం తూర్పు బెంగాలు ప్రజల స్వాతంత్ర్య కాంక్ష. వారిలో అత్యధికులు ముస్లిములే. ఆ యుద్ధంలో తొలి నౌకలను ముంచినది కూడా వారే.

1971 మార్చిలో ఫ్రాన్సులోని తూలాన్ రేవులో పాకిస్థాన్ వారి కొత్త జలాంతర్గామి మంగ్రో ఉన్నది. అందులోని బెంగాలీ నావికులు 8 మంది తప్పించుకొని భారతదేశం చేరారు. వారు కేంద్రంగా, భాగీరథీ నది ఒడ్డున ప్లాసీ వద్ద వందలాది బెంగాలీ యువకులకు ఈత, మందుగుండు శిక్షణ ఇచ్చారు. ఆగస్టు 15 అర్ధరాత్రి వారు చిట్టగాంగు, మోంగ్లా, చాంద్‌పూర్, నారాయణగంజ్ రేవులలో ఒకేసారి నీటిలోకి దిగారు. బయలుదేరవలసిన వేళను కలకత్తా ఆకాశవాణి ప్రసారం చేసిన పాటలే వారికి సూచించాయి. ఛాతీకి కట్టుకున్న మైన్లను ఓడల అడుగుకు అంటించి ఈదుకుంటూ వెనక్కు పోయారు. చిట్టగాంగులో అల్ అబ్బాస్, హుర్ముజ్ అనే ఓడలు ఆ రాత్రే దెబ్బతిన్నవి. డిసెంబరు యుద్ధం కంటే మూడున్నర నెలల ముందు మాట ఇది. మనవారి పాఠ్యపుస్తకాలలో దీనికి రెండు వాక్యాల చోటయినా దొరకదు.

తూర్పున ఘాజీ మునిగిన మరుసటి రాత్రి పశ్చిమాన కరాచీపై దాడి జరిగింది. నిర్ఘాత్, నిపాత్, వీర్ అనే మూడు చిన్న క్షిపణి పడవలు ఖైబర్ డిస్ట్రాయరును, ముహాఫిజ్ అనే మైన్ల ఏరివేత నౌకను ముంచాయి. ఒక్క ఖైబర్‌లోనే 222 మంది మరణించారు. డిసెంబరు 4ను మన దేశంలో నౌకాదళ దినోత్సవంగా జరుపుకునేది ఈ దాడి జ్ఞాపకంగానే. అదే రాత్రి వీనస్ ఛాలెంజర్ అనే వర్తక నౌక కూడా మునిగింది. నాలుగు రాత్రుల తరువాత రెండవ దాడిలో పనామా జెండాతో ఉన్న గల్ఫ్ స్టార్ మునిగింది, బ్రిటిషు ఓడ హార్మట్టన్ దెబ్బతింది. ఒడ్డున ఉన్న చమురు ట్యాంకులు తగులబడ్డాయి.

వర్తక నౌకలకు దెబ్బ ఎందుకు తగిలింది? ఆ పడవలు ప్రయోగించినవి సోవియట్ తయారీ స్టిక్స్ క్షిపణులు. వాటి ముక్కులో చిన్న రాడారు ఉంటుంది. అది తరంగాలను పంపి, ఎదుట దేని నుండి బలమైన ప్రతిధ్వని వస్తే దాని మీదికే పోతుంది. ఆ రాడారుకు జెండా కనిపించదు, ఓడలో ఉన్నది ఫిరంగియో ధాన్యమో తెలియదు. యుద్ధనౌక కంటే సరుకు ఓడ పెద్దదైతే దాని ప్రతిధ్వనే బలమైనది. నలభై మైళ్ళ దూరం నుండి చీకటిలో జరిగే యుద్ధంలో యోధునికీ బాటసారికీ భేదం చూపగల కన్ను ఆనాటి యంత్రానికి లేదు. నేటి యంత్రాలకు పూర్తిగా ఉన్నదని కూడా మేము అనుకోము.

తమవారినే పొరపాటుగా ముంచుకున్న సందర్భాలు రెండు వైపులా ఉన్నాయి. డిసెంబరు 6న పాకిస్థాన్ విమానాలు తమ జుల్ఫిఖార్ నౌకనే భారత క్షిపణి పడవ అనుకొని కాల్చాయి. డిసెంబరు 10న ఖుల్నా సమీపాన భారత విమానాలు ముక్తివాహిని వారి పద్మ, పలాష్ అనే పడవలను శత్రువులవిగా భ్రమించి ముంచాయి. పలాష్ ఇంజను గదిలో పనిచేస్తూ ఆ దాడిలో గాయపడి మరణించిన మొహమ్మద్ రుహుల్ అమీన్‌కు బంగ్లాదేశ్ తన అత్యున్నత వీర పురస్కారం బీర్ శ్రేష్ఠ ఇచ్చింది. ఆ దేశ చరిత్రకారులు ఆయనను ముంచినది ఎవరో దాచలేదు, అందువల్ల మనపై ద్వేషమూ పెంచలేదు.

ఇక మన నష్టం. డిసెంబరు 9 రాత్రి దియూ తీరానికి సుమారు 40 నాటికల్ మైళ్ళ దూరంలో ఖుక్రీ, కృపాణ్ అనే ఫ్రిగేట్లు ఒక జలాంతర్గామిని వెదుకుతున్నాయి. వెదుకుతున్న హంగోరే ముందుగా వాటిని పసిగట్టింది. కృపాణ్‌పై విడిచిన టార్పెడో గురితప్పింది, ఖుక్రీపై విడిచినది తప్పలేదు. నిమిషాల వ్యవధిలో నౌక మునిగింది. 18 మంది అధికారులు, 176 మంది నావికులు చనిపోయారు. కెప్టెన్ మహేంద్రనాథ్ ముల్లా తన లైఫ్ జాకెట్టును మరొకరికి ఇచ్చి నౌకతో పాటే వెళ్ళిపోయారు. ఆయనకు మహావీర చక్రం ప్రకటించారు. రెండవ ప్రపంచ యుద్ధం తరువాత జలాంతర్గామి చేత మునిగిన మొదటి యుద్ధనౌక ఖుక్రీయే. ఘాజీ మునక గురించి ఉత్సాహంగా మాట్లాడే విద్యార్థులలో ఖుక్రీ పేరు విన్నవారు ఎందరని లెక్కించి చూడండి.

నావికాదళాలు తమ మృతుల లెక్క శ్రద్ధగా ఉంచుతాయి. అధికారులెందరు, నావికులెందరు, ఎవరెవరికి పతకాలు, అన్నీ రాతలో ఉంటాయి. సరుకు ఓడలో పొయ్యి దగ్గర నిలిచినవానికి, వంట చేసినవానికి అటువంటి లెక్క ఆలస్యంగా, అరకొరగా దక్కుతుంది. 1942 ఏప్రిల్ మొదటి వారంలో జపాను నౌకలు బంగాళాఖాతంలో ప్రవేశించి 20కి పైగా వర్తక నౌకలను ముంచాయి. ఏప్రిల్ 6న విశాఖపట్నం, కాకినాడల మీద బాంబులు వేశాయి. బాంబుల సంగతి మన పెద్దలకు జ్ఞాపకం ఉండేది గాని, మునిగిన ఓడలలోని లస్కర్ల సంగతి ఎవరికీ పట్టలేదు. ఆ యుద్ధమంతటా సముద్రంలో ప్రాణాలు కోల్పోయిన సుమారు 6,000 మంది భారతీయ వర్తక నావికుల పేర్లు రెండు స్మారక గ్రంథాలలో ఉన్నవి. ఒకటి బొంబాయిలో, రెండవది చిట్టగాంగులో.

ఆ చిట్టగాంగు రేవే 1971 డిసెంబరు 16న ఢాకాలో లొంగుబాటు జరిగిన నాటికి మునిగిన ఓడలతో, మైన్లతో మూసుకుపోయి ఉన్నది. కొత్తగా పుట్టిన దేశానికి తిండిగింజలు రావలసిన ద్వారం అది. సోవియట్ నౌకాదళం రియర్ అడ్మిరల్ జుయెంకో నాయకత్వాన 1972 ఏప్రిల్ నుండి 1974 దాకా పనిచేసి మైన్లను ఏరి, ఇరవైకి పైగా ఓడలను పైకి లేపింది. నది తెచ్చే బురదలో ఈతగాళ్ళకు తమ చేతులు తమకే కనిపించేవి కావు. అన్నీ తడిమి చేసిన పని. పదమూడు రోజుల యుద్ధం మిగిల్చిన చెత్త తీయడానికి రెండేళ్ళు పట్టింది. ఆ పనిలో ఒక సోవియట్ యువ నావికుడు ప్రాణం కోల్పోయాడు. అతని సమాధి చిట్టగాంగులోనే ఉన్నది.

సీమవారికి నౌకాయుద్ధాలతో పనేమిటన్న ప్రశ్నకు జవాబు ఇప్పుడు చెప్పవచ్చు. 2022 మార్చిలో పత్తికొండ అంగళ్ళలో పొద్దుతిరుగుడు నూనె ధర ఎందుకు మండిపోయిందో మీ ఇంట్లో వంట చేసేవారిని అడగండి. మన దేశానికి ఆ నూనెలో అధికభాగం ఉక్రెయిన్, రష్యాల నుండి నల్లసముద్రం మీదుగా వచ్చేది. యుద్ధం మొదలైన వారం రోజులకే అక్కడి రేవులో బంగ్లాదేశ్ సరుకు ఓడ బంగ్లార్ సమృద్ధికి క్షిపణి తగిలి ఒక ఇంజనీరు మరణించాడు, ఆ మరునాడే ఒడెస్సా తీరంలో హెల్ట్ అనే మరొక ఓడ మునిగింది. ఇన్సూరెన్సు కంపెనీలు వెనుకంజ వేశాయి, ఓడలు నిలిచిపోయాయి. 2024 మార్చి 2న ఎర్రసముద్రంలో మునిగిన రూబీమార్‌లో ఉన్నది సుమారు 21,000 టన్నుల ఎరువు. నాలుగు రోజుల తరువాత ట్రూ కాన్ఫిడెన్స్ అనే ఓడపై క్షిపణి పడి ముగ్గురు నావికులు చనిపోగా, 21 మందిని రక్షించి ఒడ్డుకు చేర్చినది మన యుద్ధనౌక కోల్‌కతా. వేరుశనగకు ఎరువు వేసే రైతుకూ ఎర్రసముద్రానికీ మధ్య దూరం మనం అనుకున్నంత లేదు.

విహారయాత్రకు విశాఖ వెళ్ళే విద్యార్థులు రామకృష్ణా బీచిలో 1971 విజయానికి గుర్తుగా 1996లో కట్టిన స్మారకాన్ని చూస్తారు. దానికి సమీపంలోనే కుర్సురా అనే జలాంతర్గామిని ఒడ్డుకు చేర్చి 2002లో ప్రదర్శనశాలగా తెరిచారు. అది 1971లో అరేబియా సముద్రంలో పనిచేసినది. పొడవు 91 మీటర్లు, ఘాజీ కంటే కొంచెమే చిన్నది. లోపలికి ప్రవేశించి గదికీ గదికీ నడుమ ఉన్న గుండ్రని ద్వారంలో తలవంచి దూరండి. ఒకరి మీద ఒకరుగా ఉన్న పడకలు, టార్పెడోల పక్కనే మనుషులు పడుకునే చోటు చూడండి. ఘాజీలో 90 మందికి పైగా ఎట్లా ఉండేవారో అప్పుడు అర్థమవుతుంది. అక్కడి నుండి బయటికి వచ్చి ఎదుట చూస్తే కనిపించే నీటిలోనే, తీరానికి కొద్ది కిలోమీటర్ల దూరంలో ఘాజీ ఉన్నది. 2024 ఫిబ్రవరిలో భారత నౌకాదళం, మునిగిన జలాంతర్గాముల నుండి మనుషులను రక్షించేందుకు సమకూర్చుకున్న కొత్త వాహనంతో దాని ఉనికిని మరల గుర్తించింది. దానిని తాకలేదు, అందులోని ఏ వస్తువునూ పైకి తీయలేదు. అది మృతుల విశ్రాంతి స్థలం గనుక అట్లాగే వదిలివేశామని నౌకాదళ అధికారులు తెలిపారు.